రెండో వారం కూడా వచ్చాడా?

పాత అమెరికన్ సిట్‌కామ్‌లలో (అరగంట హాస్య సీరియళ్లలో), కార్టూన్‌లలో గే, లెస్బియన్ పాత్రల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులు.

ప్రశ్న: అమెరికన్ టీవీ కామెడీలో మొట్టమొదటి గే పాత్ర ఏది? ఒక్కో చోట ఒక్కో పేరు చెబుతున్నారు.

ఒక్కొక్కరు ఒక్కో లెక్క కడుతున్నారు కాబట్టి పేర్లు మారుతున్నాయి. ఒక్క ఎపిసోడ్‌కి వచ్చి వెళ్లినవాళ్లను కూడా లెక్కలోకి తీసుకునేవాళ్లు సాధారణంగా ‘ఆల్ ఇన్ ద ఫ్యామిలీ’ పేరు చెబుతారు. 1971 ఫిబ్రవరి 9న సీబీఎస్ నెట్‌వర్క్‌లో వచ్చిన ఐదో ఎపిసోడ్ అది. అల్లుడు మైక్ ఇంటికి తీసుకొచ్చిన రోజర్ నాజూకుగా మాట్లాడతాడు. మామ ఆర్చీకి ఆ మాట తీరు చాలు, అతను గే అని తీర్మానించేస్తాడు. రోజర్ గే కాదు. ఆర్చీ బార్‌లో కలిసి కూర్చునే స్టీవ్, ఒకప్పటి ఫుట్‌బాల్ ఆటగాడు, కండలు తిరిగిన మనిషి, అతను గే. ఆ సంగతి బయటపడే తీరు చూడండి. ఇద్దరూ బల్ల మీద మోచేతులు ఆన్చి చేతిపట్టు పట్టుకుని ఉంటారు. నేను గే అని మీ అల్లుడు చెప్పింది నిజమేనని స్టీవ్ ఆ పట్టులోనే చెబుతాడు. ఆర్చీ నమ్మడు. ఇన్నేళ్లుగా ఎరుగుదువు కదా, ఎప్పుడైనా ఒక ఆడమనిషి ఊసెత్తానా అని స్టీవ్ అడుగుతాడు. బ్రహ్మచారులకు గుట్టు ఎక్కువ అని ఆర్చీ సర్దిచెప్పుకుంటాడు. అతని నమ్మకం అప్పటికే చిట్లిపోయిందని మొహమే చెబుతుంది. ఆ మే నెల 13న అధ్యక్షుడు నిక్సన్ తన సహాయకుల దగ్గర ఈ ఎపిసోడ్ మీద మండిపడ్డ మాటలు వైట్‌హౌస్ టేపుల్లో రికార్డయి ఉన్నాయి.

కథలో మళ్లీ మళ్లీ వచ్చే పాత్రనే లెక్కపెట్టేవాళ్లు ఇంకో నెట్‌వర్క్ ఏబీసీలో 1972 వేసవిలో వచ్చిన ‘ద కార్నర్ బార్’ని, అందులోని పీటర్ పనామాని చెబుతారు. నటుడు విన్సెంట్ షియావెల్లి. ఆ వేసవి దాటాక ఆ పాత్ర లేదు.

‘మొదటిది ఏది’ అన్న ప్రశ్న కంటే ‘రెండో వారం కూడా వచ్చాడా’ అన్న ప్రశ్న మీకు ఎక్కువ చెబుతుంది. ఒక్క ఎపిసోడ్ అతిథి పని తన రహస్యం చెప్పి తలుపు మూసి వెళ్లడం. ఆ తర్వాత మారేదీ, నేర్చుకునేదీ ఇంటివాళ్లే. మళ్లీ వారం వచ్చేవాడికి మాత్రం అద్దె కట్టడం, జలుబు చేయడం, పక్కింటివాళ్లతో గొడవపడటం, ఇలా సంసారం మొదలవుతుంది. కింది జవాబులన్నిటిలో మేం ఈ కొలతే వాడాం.

ప్రశ్న: 1971కి ముందు అసలు ఎందుకు లేరు? చట్టం అడ్డొచ్చిందా?

అడ్డొచ్చింది చట్టం కాదు, పరిశ్రమ తనకు తాను పెట్టుకున్న నియమావళి. అమెరికా ప్రసారకుల సంఘం 1952లో అమలులోకి తెచ్చిన టెలివిజన్ కోడ్ లైంగిక ‘అసాధారణతలు’ కార్యక్రమాలకు సాధారణంగా పనికిరావని రాసింది. గే మనుషుల్ని ఆ మాట కిందే చేర్చారు. కోడ్ పాటించే స్టేషన్ తెర మీద ఒక ముద్ర చూపించుకునేది. దీనికి తోడు ప్రతి నెట్‌వర్క్‌లోనూ స్క్రిప్టుని పంక్తి పంక్తీ చదివే సొంత సెన్సార్ విభాగం ఉండేది. అక్కడ ఆగిపోయిన మాట షూటింగ్ దాకా వచ్చేదే కాదు. ఆ కోడ్ 1983 వరకూ కాగితం మీద బతికే ఉంది. అయితే 1970ల్లో గే హక్కుల సంఘాలు నెట్‌వర్క్‌ల తలుపు తట్టడం మొదలుపెట్టాయి. 1973 డిసెంబరులో అమెరికా మానసిక వైద్యుల సంఘం స్వలింగ ప్రేమను రోగాల జాబితాలోంచి తీసేసింది. దాన్ని జబ్బుగా చూపించడానికి అప్పటిదాకా ఉన్న సాకు అలా పోయింది.

ప్రశ్న: ఈ పాత్రల్ని నవ్వించడానికే పెట్టారా, గౌరవంగానే చూపించారా? చూస్తున్నప్పుడు ఎలా తేల్చుకోవాలి?

నవ్వు వినిపించిన చోట ఆపి, ఆ నవ్వు ఎవరి మీద పడిందో కాగితం మీద రాసుకోండి. గే పాత్ర మీదా, అతన్ని చూసి కంగారు పడేవాడి మీదా? ఇరవై నిమిషాల్లో పదిహేను నవ్వులు రాసుకుంటే లెక్క తేలిపోతుంది. తర్వాత ఆ పాత్ర గే అన్న ఒక్క సంగతి తీసేసి కథ చెప్పుకోండి. ఒక్క జోకు తప్ప ఏమీ మారకపోతే ఆ పాత్రను అలంకారానికి పెట్టారన్నమాట. తెర మీద గే, లెస్బియన్ పాత్రల్ని ఎలా చూపిస్తున్నారో గమనించే గ్లాడ్ సంస్థ సినిమాల కోసం 2013లో పెట్టిన వీటో రూసో పరీక్షలో కూడా ఇలాంటి షరతే ఉంది.

ఈ లెక్కకు బాగా నిలబడేది మళ్లీ ‘ఆల్ ఇన్ ద ఫ్యామిలీ’నే. 1977 అక్టోబరు 9 నాటి ఎపిసోడ్‌లో ఆర్చీ భార్య ఈడిత్ చుట్టం లిజ్ చనిపోతుంది. ఆమెతో ఒకే ఇంట్లో బతికిన వెరోనికా దగ్గర వంశపారంపర్యంగా వచ్చిన వెండి టీ సెట్ ఉంటుంది. చట్టం ప్రకారం అది ఈడిత్‌కి చెందాలి. లిజ్‌తో కలిసి రోజూ అందులో టీ తాగాం, అది నాకు ఉంచండని వెరోనికా అడుగుతుంది. తమ బంధం ఏమిటో కూడా చెబుతుంది. కోర్టుకెక్కుతానని ఆర్చీ ఎగురుతాడు. కోర్టుకెక్కితే ఆమె సంగతి ఊరంతా తెలుస్తుంది, టీచర్ ఉద్యోగం పోతుంది. ఎప్పుడూ మొగుడికి ఎదురు చెప్పని ఈడిత్ అక్కడ నిలబడుతుంది. వెరోనికా లెస్బియన్ కాకపోతే ఈ కథే లేదు. ఇందులో ఏ నవ్వూ ఆమె మీద పడదు. ఆ భయం కూడా ఊహించి రాసింది కాదు. గే టీచర్లను బడుల్లోంచి తీసేయాలన్న ప్రతిపాదన మరుసటి ఏడాది నవంబరులో కాలిఫోర్నియా ఓటర్ల ముందుకు వచ్చి ఓడిపోయింది.

ఇదే సీరియల్‌లో స్త్రీవేషం వేసే కళాకారిణి బెవర్లీ లాసాల్ మూడుసార్లు వచ్చింది. మూడోసారి, 1977 క్రిస్మస్ కథలో, దుండగుల చేతిలో చనిపోయింది. ఆమె చావుతో ఈడిత్‌కి దేవుడి మీదే నమ్మకం సడలిపోతుంది. అది గొప్ప రచన, సందేహం లేదు. కానీ ఇంట్లోవాళ్ల మనసు కదిలించడానికి గే పాత్రని, ఆడవేషం పాత్రని చంపడం అన్న అలవాటు ఎంత పాతదో కూడా అక్కడ కనిపిస్తుంది.

ప్రశ్న: ‘త్రీస్ కంపెనీ’లో జాక్ ఇంటి యజమాని కోసం గే అని నటిస్తాడు కదా. దీన్ని కూడా లెక్కలో వేయాలా?

వేయకూడదు. 1977 నుంచి 1984 దాకా ఏబీసీలో నడిచిన ఈ సిట్‌కామ్‌లో జాక్ ఇద్దరు అమ్మాయిలతో ఒకే ఇంట్లో ఉండాలంటే యజమాని ఒప్పుకోడు. అందుకే గే అని అబద్ధం చెబుతారు. అన్ని సీజన్‌ల పాటు గే అన్న మాట నడిచింది, గే మనిషి మాత్రం ఆ ఇంట్లో అడుగుపెట్టలేదు. యజమాని రోపర్ చేసే చేతిసైగలకు ప్రేక్షకులు నవ్వుతారు. పైన చెప్పిన లెక్క వేస్తే ఆ నవ్వు రోపర్ అజ్ఞానం మీద సగం, ఊహలో ఉన్న గే మనిషి మీద సగం పడుతుంది. పరిశోధన కోసం చూస్తుంటే రెండు ఎపిసోడ్‌లు చాలు.

ప్రశ్న: ‘సోప్’లో బిల్లీ క్రిస్టల్ పాత్ర మొదట గే అంటారు, తర్వాత అమ్మాయిలతో ప్రేమ. రచయితలకు స్పష్టత లేదా?

జోడీ డల్లాస్ పాత్రలో గందరగోళం ఉన్న మాట నిజం. 1977 సెప్టెంబరులో మొదలైనప్పుడు జోడీ ఒక ఫుట్‌బాల్ ఆటగాడి ప్రేమలో ఉంటాడు, అతని కోసం లింగమార్పిడి ఆపరేషన్‌కి సిద్ధమవుతాడు. గే అంటే ఆడదానిగా మారాలనుకునేవాడన్న పొరపాటు అభిప్రాయం అందులో ఉంది. అవి రెండూ వేర్వేరు సంగతులు, అప్పటి టీవీకి ఆ తేడా తెలియలేదు. ప్రేమికుడు వదిలేస్తాడు, జోడీ ఆత్మహత్యకు ప్రయత్నిస్తాడు, తర్వాత ఒక స్త్రీ ద్వారా బిడ్డ పుడుతుంది, ఆ బిడ్డ కోసం కోర్టు కేసు. ప్రసారానికి ముందే ఏబీసీకి వేలకు వేలు నిరసన ఉత్తరాలు వచ్చాయి. గే సంఘాలు ఇంకో వైపు నుంచి అభ్యంతరం చెప్పాయి. రెండు ఒత్తిళ్ల మధ్య పాత్ర అటూ ఇటూ ఊగింది.

అయినా 1981లో సీరియల్ ముగిసేదాకా జోడీ ప్రతి వారం ఆ ఇంట్లో ఉన్నాడు. తల్లితో దెబ్బలాడాడు, తమ్ముడిగా కొడుకుగా తండ్రిగా బతికాడు. అంతకుముందు ‘హాట్ ఎల్ బాల్టిమోర్’లో వచ్చిన గే జంట జార్జ్, గోర్డన్‌లకు దక్కింది 13 ఎపిసోడ్‌లే. మొదటి సీజన్‌లోని ఆపరేషన్ కథ చూసి విసుగెత్తి ఆపేయకండి. బిడ్డ కేసు దాకా వెళ్లండి. తండ్రిగా జోడీ మాట్లాడే సన్నివేశాల్లో జోకుల కోసం వెతుకులాట ఉండదు.

ప్రశ్న: ‘గోల్డెన్ గర్ల్స్’లోని లెస్బియన్ స్నేహితురాలి ఎపిసోడ్‌కి మా చదువరుల బృందం కోసం తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తున్నాం. పదాల దగ్గర ఆగిపోయాం. సాయం చేయగలరా?

1986 నవంబరు 8 నాటి ఎపిసోడ్ గురించి అడుగుతున్నారు. డోరతీ పాత స్నేహితురాలు జీన్, తోడు పోయిన బాధలో ఉండి, డోరతీతో ఒకే ఇంట్లో ఉండే రోజ్ మీద మనసు పారేసుకుంటుంది. జీన్ లెస్బియన్ అని డోరతీ చెబితే, అందులో వింతేముంది, ఫలానా టీవీ నటుడు కూడా అదే కదా అంటుంది ఆ ఇంట్లోనే ఉండే బ్లాంచ్. ఆమెకు వినపడింది ‘లెబనీస్’ అని. ఆ నటుడు డానీ థామస్ లెబనాన్ మూలాలున్నవాడు. ఈ జోకు మీకు అనువదించే పని పెట్టదు. లెస్బియన్, లెబనీస్ రెండూ తెలుగు లిపిలో కూడా ఒకే ఊపులో మొదలవుతాయి, అలాగే ఉంచండి. ఇక్కడ ‘స్వలింగ ప్రేమికురాలు’ అని పెడితే జోకు అక్కడికక్కడే పోతుంది.

మిగతా చోట్ల మా సలహా ఇది. పాత్ర తన గురించి చెప్పుకునేటప్పుడు గే, లెస్బియన్ అన్న మాటలే ఉంచండి. వివరణగా కావాలంటే ‘స్వలింగ ప్రేమికులు’ అనండి. పత్రికల్లో అలవాటైన ‘స్వలింగ సంపర్కులు’ అన్న మాట మనిషిని పక్కకు నెట్టి పడకగదిని ముందుకు తెస్తుంది. జీన్ మాట్లాడేది చనిపోయిన తోడు గురించి, ఒంటరితనం గురించి. ఆ సన్నివేశం కింద ఆ మాట పడితే ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో ఒకసారి పెట్టి చూడండి. తిట్టు మాత్రం తిట్టులాగే ఉండాలి. ఆర్చీ లాంటివాడి నోట ‘తేడాగాడు’ అన్న మాట సరిగ్గా అతుకుతుంది, దాన్ని మెత్తన చేస్తే అతని పాత్రే చెడుతుంది. అదే మాట స్టీవ్ తన గురించి చెప్పుకునే చోటికి పాకకుండా చూసుకోండి. తొందరలో ఒకే పదాన్ని మొత్తం ఫైలులో మార్చేసినప్పుడు జరిగే పొరపాటు అదే. పంక్తికి 35 నుంచి 40 అక్షరాలు, తెర మీద రెండు పంక్తులు మించనివ్వకండి. తెలుగు సమాసాలు పొడవు కాబట్టి అంతకు మించితే జోకు పడ్డాక పాఠం చదవడం పూర్తవుతుంది.

ఈ సీరియల్ సృష్టికర్త సూసన్ హారిస్, ‘సోప్’ కూడా ఆమెదే. 1985లో మొదటి ఎపిసోడ్‌లో ఈ నలుగురు ఆడవాళ్ల ఇంట్లో కోకో అనే గే వంటవాడున్నాడు. రెండో ఎపిసోడ్ నుంచి లేడు. డోరతీ తల్లి సోఫియా పాత్ర పండింది, వంటింట్లో కూర్చుని మాట్లాడుకునే నలుగురి మధ్య ఐదో మనిషికి చోటు మిగల్లేదు. రెండో వారం రాని గే పాత్రకి ఇంతకంటే నికార్సైన ఉదాహరణ ఉండదు.

ప్రశ్న: ఒక్క ముద్దుకి అంత రభస ఎందుకు జరిగింది? ‘ఎలెన్’ ఆగిపోవడానికి కారణం ఆమె గే అని చెప్పడమేనా?

మాట వేరు, చూపు వేరు. గే అన్న మాట 1970ల్లోనే వినిపించింది. ఇద్దరి మధ్య ప్రేమ కంటికి కనబడటం మాత్రం ప్రకటనదారులకు భయం. 1994 మార్చి 1న ‘రోజాన్’లో గే బార్‌లో ఒక స్త్రీ రోజాన్‌ని ముద్దు పెట్టుకునే ఎపిసోడ్‌ని ప్రసారం చేయడానికి ఏబీసీ మొదట వెనకాడింది. కథ అసలు ముద్దు గురించి కాదు. నాకే పట్టింపులూ లేవు అని గొప్పగా అనుకునే రోజాన్ ఆ తర్వాత ఎంత ఇబ్బంది పడుతుందో, దాని గురించి. ‘ఫ్రెండ్స్’లో 1996 జనవరి 18న కారల్, సూసన్ అనే ఇద్దరు స్త్రీల పెళ్లి చూపించారు, ముద్దు చూపించలేదు. అయినా కొన్ని స్థానిక స్టేషన్లు ఆ ఎపిసోడ్ వేయలేదు. అప్పటికి అమెరికాలో ఏ రాష్ట్రంలోనూ అలాంటి పెళ్లికి చట్టం లేదు. మొదట ఇచ్చిన మసాచుసెట్స్‌లో కూడా 2004 మే 17న గానీ మొదలు కాలేదు. 2000 ఫిబ్రవరి 22 నాటి ‘విల్ అండ్ గ్రేస్’ ఈ భయాన్నే కథ చేసుకుంది. టీవీలో ఇద్దరు మగవాళ్ల ముద్దు వస్తుందని విల్ స్నేహితుడు జాక్ ఎదురుచూస్తాడు, సరిగ్గా ఆ క్షణానికి కెమెరా పక్కకు తిరిగిపోతుంది. నెట్‌వర్క్ ఆఫీసుకు వెళ్లి గొడవ చేస్తాడు. చివరికి లైవ్ కార్యక్రమం కెమెరా ముందు విల్ అతన్ని ముద్దు పెట్టుకుంటాడు.

‘ఎలెన్’ సంగతి ఇలా. 1997 ఏప్రిల్ 30న ఎలెన్ పాత్ర ఎయిర్‌పోర్టులో తను గే అని చెప్పబోతూ పొరపాటున మైకు మీద వాలుతుంది, మాట గేటు దగ్గరున్న వాళ్లందరికీ వినపడుతుంది. సుమారు 4.2 కోట్ల మంది చూశారు. అలబామాలోని బర్మింగ్‌హామ్ స్టేషన్ దాన్ని ప్రసారం చేయలేదు. తర్వాతి సీజన్‌లో ఎపిసోడ్‌ల ముందు పెద్దలకు హెచ్చరిక పలక పెట్టారు. 1998లో ఆపేశారు. ఆ సీజన్‌లో హాస్యం తగ్గిందని, ప్రతి వారం అదే విషయమని అప్పట్లో విమర్శ వచ్చింది. కొంత నిజమే. కానీ ఆడా మగా ప్రేమించుకునే సిట్‌కామ్‌లు ప్రతి వారం అదే విషయం మీద నడిచినా వాటి ముందు హెచ్చరిక పలక పెట్టలేదు. తెరుచుకుంటున్న తలుపు దగ్గర ఎలెన్ దెబ్బ తింది. అదే ఏడాది సెప్టెంబరులో ఎన్‌బీసీలో ‘విల్ అండ్ గ్రేస్’ ఆ తలుపులోంచే లోపలికి వచ్చింది.

ప్రశ్న: కార్టూన్‌లలో బగ్స్ బన్నీ ఆడవేషం దగ్గర నుంచి స్మిథర్స్ దాకా ఎవరు నిజంగా గే? అభిమానుల ఊహ ఎంత?

మూడు కుప్పలు పెట్టుకోండి. వేషం, సూచన, చెప్పిన మాట.

బగ్స్ బన్నీ మొదటి కుప్ప. 1950 నాటి ‘రాబిట్ ఆఫ్ సెవిల్’ చివర ఈ కుందేలుని వేటాడే ఎల్మర్ పెళ్లికూతురి గౌనులో, బగ్స్ వరుడిగా. అది సినిమా హాళ్ల కోసం తీసిన చిన్న చిత్రం, తర్వాత టీవీకి వచ్చింది. తప్పించుకోవడానికి వేసే వేషమది, ప్రేమ కాదు. ఆ చిత్రాలు చూసి ధైర్యం తెచ్చుకున్న పిల్లలు ఉండొచ్చు, ఆ అనుభవం నిజమే, అయినా పాత్ర గే అని చెప్పలేం. నాటకీయంగా మాట్లాడే గులాబీ రంగు సింహం స్నాగల్‌పస్ రెండో కుప్పలోవాడు. అతను గే నాటక రచయిత అని స్పష్టంగా రాసింది 2018లో వచ్చిన కామిక్ పుస్తకం. టీవీ కార్టూన్ ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు.

స్మిథర్స్ ఈ రెండో కుప్పలో పాతికేళ్లు ఇరుక్కుపోయాడు. తన యజమాని బర్న్స్ మీద అతని ప్రేమ ‘సింప్సన్స్’ చూసే అందరికీ తెలుసు, బర్న్స్‌కి తప్ప. ప్రతిసారీ అదే జోకు. చివరికి 2016 ఏప్రిల్ 3న కథ నేరుగా దాని మీదకు వచ్చింది. అంతకంటే ముందే 2005 ఫిబ్రవరిలో ఆ సింప్సన్ల ఇంటి తల్లి మార్జ్ అక్క పాటీ లెస్బియన్ అని చెప్పేసింది. రెండో వారాల లెక్కలో ఇద్దరూ గెలిచారు, కానీ స్మిథర్స్ వారాలన్నీ ఒకే జోకుకి ఖర్చయిపోయాయి.

కార్టూన్‌లలో ఒక్కటే చూడాలంటే 1997 ఫిబ్రవరి 16 నాటి ‘సింప్సన్స్’ ఎపిసోడ్ ‘హోమర్స్ ఫోబియా’. గ్యాస్ బిల్లు కట్టడానికి మార్జ్ తన ఇంటి పాత బొమ్మ ఒకటి అమ్మబోతే, అది పురాతన వస్తువేమీ కాదు, మద్యం సీసా అని దుకాణదారు జాన్ తేల్చేస్తాడు. ఆ పాత్రకు గొంతు ఇచ్చింది సినీ దర్శకుడు జాన్ వాటర్స్. మార్జ్ భర్త హోమర్‌కి జాన్ తెగ నచ్చుతాడు, ఇంటికి పిలుస్తాడు, కలిసి డ్యాన్స్ చేస్తాడు. మర్నాడు మార్జ్ అసలు సంగతి చెప్పగానే బిగుసుకుపోతాడు. కొడుకు బార్ట్ ఎక్కడ ‘అలా’ అయిపోతాడోనని మగతనం నేర్పడానికి ఉక్కు కర్మాగారానికి తీసుకెళ్తే అక్కడి కార్మికులంతా గే. నవ్వుల లెక్క వేసి చూడండి, దాదాపు అన్నీ హోమర్ మీదే పడతాయి. ఫాక్స్ నెట్‌వర్క్ సెన్సార్ విభాగం మొదట ఈ విషయమే ప్రసారానికి పనికిరాదని రాసింది. బొమ్మలు గీసి తిరిగి వచ్చేసరికి అక్కడి మనుషులు మారిపోయారు, ఎపిసోడ్ బయటపడింది, ఎమ్మీ కూడా గెలిచింది. ఒక్కటే లోటు. జాన్ ఒక్క ఎపిసోడ్ అతిథి.

పిల్లల కార్టూన్‌లలో దెబ్బ ఇంకో రూపంలో పడింది. జపాన్ ‘సైలర్ మూన్’లో యురేనస్, నెప్ట్యూన్ ఇద్దరు అమ్మాయిల జంట. అమెరికా ఇంగ్లిష్ డబ్బింగ్‌లో వాళ్లను దాయాదుల్ని చేశారు. మాట మార్చారు, బొమ్మ మార్చలేదు. ఆ ఓరచూపులు, చేతులు పట్టుకోవడం అలాగే ఉండిపోయి, దాచబోయిన దానికంటే వింతగా తయారైంది. 2005లో ‘పోస్ట్‌కార్డ్స్ ఫ్రమ్ బస్టర్’లో వెర్మాంట్‌లో మేపుల్ పాకం చేసే చోటికి బస్టర్ అనే కుందేలు వెళ్తే, అక్కడి పిల్లలకు ఇద్దరు తల్లులు ఉన్నారు. విద్యాశాఖ మంత్రి అభ్యంతరం చెప్పారు, ప్రజా ప్రసార నెట్‌వర్క్ పీబీఎస్ పంపిణీ మానుకుంది, తీసిన బోస్టన్ స్టేషన్ కావాలన్నవాళ్లకు తనే పంపింది. ఆ బస్టర్ పుట్టిన కార్టూన్ ‘ఆర్థర్’. అందులో 1996 నుంచి పాఠాలు చెప్పి హోంవర్కుతో పిల్లల్ని హడలగొట్టిన రాట్‌బర్న్ మాస్టారు 2019 మే 13న ప్యాట్రిక్ అనే అతన్ని పెళ్లి చేసుకున్నాడు. పిల్లలకు ఆశ్చర్యం మాస్టారు మగవాణ్ని పెళ్లాడినందుకు కాదు, పెళ్లిలో డ్యాన్స్ చేసినందుకు. అలబామా ప్రభుత్వ టీవీ ఆ ఎపిసోడ్ వేయలేదు.

ప్రశ్న: మేం చూస్తున్నవి కత్తిరించిన కాపీలని అనుమానం. ఎలా కనిపెట్టాలి?

నిడివి చూడండి. ప్రకటనలు తీసేస్తే 1970ల అరగంట సిట్‌కామ్ సుమారు 25 నిమిషాలు, 1990లది సుమారు 22. 1977 నాటిది 22కే అయిపోతే రెండు మూడు నిమిషాలు పోయినట్టే. పునఃప్రసారాల్లో ఎక్కువ ప్రకటనలు పట్టించడానికి ముందు పోయేది చివరి చిన్న సన్నివేశం, తర్వాత కథకు అవసరం లేదనిపించే మాటామంతీ. మన పాత్రలకు నష్టం అక్కడే. తోడు గురించి చెప్పుకునే రెండు వాక్యాలు కథ నడవడానికి అక్కర్లేదని కత్తెర పడుతుంది. గొంతులు కాస్త కీచుగా, నడక కాస్త వేగంగా అనిపిస్తే కత్తిరించకుండా వేగం పెంచిన కాపీ. డిస్కులు కొనేటప్పుడు అట్ట మీద మొత్తం నిమిషాలను ఎపిసోడ్‌ల సంఖ్యతో భాగిస్తే సంగతి దుకాణంలోనే తెలిసిపోతుంది.

ప్రశ్న: ‘ఫ్లింట్‌స్టోన్స్’ పాటలో ‘గే ఓల్డ్ టైమ్’ అని ఎందుకుంది?

ఆ పాట 1960ల నాటిది. అప్పటి వాడుకలో గే అంటే ఉల్లాసం, సరదా. సబ్‌టైటిల్‌లో ‘సరదాగా గడుపుదాం’ అని రాయండి.